తపాలా బిళ్లలతో చిన్న సరుకు పంపే ముందు జాగ్రత్తలు

చెన్నై నుంచి గుండీలు, చెవిదుద్దుల వంటి చవక వస్తువులను ఆన్‌లైన్‌లో అమ్మి, మామూలు తపాలా బిళ్లలు అంటించి పంపేవారు ముందుగా కవరును అట్టతో, టేపుతో సహా తూచి, ఆ బరువుకు ఎంతవుతుందో పోస్టాఫీసు కౌంటరులో అడిగి తెలుసుకోవాలి. బిళ్లలు తక్కువైతే లోటు సొమ్ము కొన్నవారి నుంచి వసూలవుతుంది, అది మన పేరుకే మచ్చ.

బిళ్లలుండే కుడి పై మూలన ముద్ర బలంగా పడుతుంది కనుక, దుద్దులు అటు జరగకుండా లోపలి అట్టకు కుట్టేయడం మేలు. ఈశాన్య రుతుపవనాల వేళ, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, వస్తువును ప్లాస్టిక్ సంచిలో ఉంచాలి. నెల్లూరుకు పంపేదైనా చిరునామా తెలుగులో మాత్రమే రాస్తే ఇక్కడ టపా వేరుచేసేవారికి చదవడం కష్టం; ఊరిపేరు ఇంగ్లీషులోనూ రాసి, 6 అంకెల పిన్‌కోడు స్పష్టంగా వేయాలి. మామూలు టపాకు ట్రాకింగ్ ఉండదని కొనేవారికి ముందే చెప్పాలి. పోతే భరించలేని వస్తువును ఇలా పంపకండి.