డే కేర్ చికిత్సకు క్యాష్‌లెస్ అనుమతి: ఫారం పంపకముందే చూసుకోవలసినవి

ఉదయం ఆసుపత్రికి వెళ్లి సాయంత్రానికి ఇంటికి వచ్చేసే చికిత్సలు ఇప్పుడు చాలా ఉన్నాయి. కంటి శుక్లం ఆపరేషను, డయాలసిస్, కీమోథెరపీ, కిడ్నీలో రాళ్లను పగలగొట్టే లిథోట్రిప్సీ అన్నీ ఆ కోవలోవే. ఆసుపత్రిలో ఉండేది ఆరేడు గంటలే అయినా, క్యాష్‌లెస్ (అంటే బిల్లును మన బదులు బీమా కంపెనీయే నేరుగా ఆసుపత్రికి చెల్లించడం) కావాలంటే ఆ కంపెనీ అనుమతి ముందుగా రావలసిందే. ఆ అనుమతి రోగిని చూసి ఇచ్చేది కాదు, కాగితాన్ని చూసి ఇచ్చేది. కాబట్టి మన శ్రద్ధంతా ఫారం ఆసుపత్రి దాటి వెళ్లకముందే పెట్టాలి.

మీ చికిత్స పాలసీ లెక్కలో డే కేరా, మామూలు ఓపీయా అన్నది మొదట తేల్చుకోండి. లోగడ 24 గంటలకు మించి ఆసుపత్రిలో ఉంచవలసి వచ్చిన చికిత్సను, వైద్య సాంకేతికత పెరిగినందువల్ల ఇప్పుడు మత్తు ఇచ్చి అంతకన్నా తక్కువ వేళలో పూర్తిచేస్తే దాన్ని డే కేర్ అంటారు. డాక్టరుకు చూపించుకోవడం, రక్తపరీక్షలు, స్కానింగు వంటివి ఓపీ కిందికి వస్తాయి. ఓపీ కవర్ ఉంటే తప్ప వీటికి అనుమతి అడిగి లాభం లేదు.

చికిత్స డే కేరే అయినా వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక ఆ చికిత్సకు కవర్ మొదలయ్యేదాకా ఆగవలసిన కాలం), పరిమితి అనే రెండు అడ్డంకులు ఉంటాయి. ఉదాహరణకు ఆరోగ్య సంజీవని పాలసీలో శుక్లం ఆపరేషనుకు 24 నెలలు నిండాలి. నిండిన తర్వాత కూడా ఒక్కో కంటికి బీమా మొత్తంలో 25 శాతం లేదా 40,000 రూపాయలు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతవరకే వర్తిస్తుంది, అందులోనూ 5 శాతం మన వాటా. ఖరీదైన లెన్స్ ఎంచుకునేముందు ఈ లెక్క చూసుకోవడం మంచిది.

ఆపరేషను తేదీ ఖాయం కాగానే పాలసీ కార్డు, ఆధార్, డాక్టరు చీటీ, పరీక్షల రిపోర్టులు తీసుకుని ఆసుపత్రిలోని ఇన్సూరెన్స్ డెస్కుకు వెళ్లండి. ముందే అనుకున్న చికిత్స అయితే కనీసం రెండు మూడు రోజుల ముందు దరఖాస్తు వెళ్లాలి. కంపెనీ నెట్‌వర్క్‌లో లేని, అంటే దానితో ఒప్పందం లేని ఆసుపత్రిలోనూ క్యాష్‌లెస్ అడిగే వీలు 2024 జనవరి నుంచి ఉంది. దానికి కంపెనీకి 48 గంటల ముందు తెలియజేయాలి.

ఇక అసలైన ఫారం సంగతి. మన వివరాలు రాసే భాగంలో పెద్దగా కష్టం లేదు. డాక్టరు నింపే భాగంలో జబ్బు పేరు, ఐసీడీ కోడ్ (జబ్బులకు ఇచ్చే అంతర్జాతీయ సంకేత సంఖ్య), చేయబోయే చికిత్సతో పాటు ‘ప్రస్తుత బాధ ఎన్ని రోజులుగా ఉంది’ అనే గడి, షుగరు, బీపీ, గుండెజబ్బు వంటివి ఏ నెల, ఏ సంవత్సరం నుంచి ఉన్నాయో రాసే గడులు ఉంటాయి. ఎక్కువ చిక్కులు వచ్చేది ఇక్కడే.

మా అమ్మగారి శుక్లం ఆపరేషను సమయంలో ఇది నాకు అనుభవమయ్యింది. చూపు ఎన్నాళ్లుగా మసకగా ఉందని ఆసుపత్రిలో సహాయకురాలు అడిగితే, ‘మూడేళ్లయి ఉంటుందమ్మా’ అని అమ్మ అలవాటుగా చెప్పింది. ఆవిడ మనసులో ఉన్నది చత్వారపు కళ్లద్దాలు పెట్టుకున్న రోజు. ఫారంలో మూడేళ్లు అని పడింది. మా పాలసీకి అప్పటికి రెండున్నరేళ్లే. జబ్బు పాలసీకి ముందునుంచే ఉందేమో వివరించండి అంటూ కంపెనీ క్వెరీ వేసింది, కంట్లో చుక్కలు వేయించుకుని కూర్చున్న అమ్మను మర్నాడు రమ్మన్నారు. శుక్లం మొదలైనట్టు తొలిసారి నాలుగు నెలల కిందటే రాసిన చీటీ, అంతకు ముందరి కళ్లద్దాల చీటీ కలిపి పంపాక అనుమతి వచ్చింది. నిజాన్ని దాచమని నేను చెప్పడం లేదు. ఉన్న జబ్బును దాస్తే క్లెయిమే పోవచ్చు. జబ్బు మొదట బయటపడిన తేదీని చీటీతో సహా చెప్పండి, ఫారం పంపేముందు ఆ గడిని ఒకసారి చదివి చూపించమని అడగండి.

భారత బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే 29న ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, క్యాష్‌లెస్ దరఖాస్తు అందిన గంటలోగా కంపెనీ నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జి అనుమతి అడిగిన మూడు గంటలలోగా తుది అనుమతి ఇవ్వాలి, అంతకు మించి ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే ఆ భారం కంపెనీదే. అయితే క్వెరీ వస్తే జవాబు వెళ్లేదాకా పని ముందుకు సాగదు. క్వెరీని నోటిమాటగా విని ఊరుకోకుండా దాని ప్రతిని చూసి, అందులో అడిగిన ప్రతి అంశానికీ డాక్టరు సంతకంతో ఒకేసారి జవాబు పంపించండి.

ఆమోద పత్రం రాగానే మొత్తం, మన వాటా, ఎన్నాళ్లు చెల్లుతుంది అనే మూడూ చదవాలి. ఆపరేషను వాయిదా పడితే గడువు దాటిపోయి మళ్లీ దరఖాస్తు చేయవలసి రావచ్చు. డయాలసిస్, కీమో తీసుకునేవారు ప్రతి సిట్టింగుకూ విడిగా అనుమతి కావాలా అన్నది మొదటిరోజే అడిగి తెలుసుకోవాలి. అసలే నీరసంగా ఉన్న మనిషిని వారం వారం డెస్కు ముందు నిలబెట్టడం కంటే ఇంట్లో ఒకరు ఈ బాధ్యత తీసుకోవడం మేలు.

అనుమతి నిరాకరిస్తే చికిత్సకు కవరేజీ లేదని తేల్చేసినట్టు కాదు. డబ్బు కట్టి చికిత్స చేయించుకుని, అసలు బిల్లులతో రీయింబర్స్‌మెంట్ కోరవచ్చు. అదీ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకుని కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. అక్కడ న్యాయం జరగకపోతే రెండు తెలుగు రాష్ట్రాలవారికీ హైదరాబాదులో బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. 50 లక్షల రూపాయల వరకు వివాదాలు వింటారు, రుసుము లేదు.

ఇంటికి వచ్చాక కూడా బిల్లులు పారేయకండి. చాలా పాలసీల్లో చికిత్సకు ముందు 30 రోజుల పరీక్షలకు, తర్వాత 60 రోజుల మందులకు అయిన ఖర్చు విడిగా వస్తుంది. అమ్మ కంటి చుక్కల మందు బిల్లులన్నీ నేను ఒక కవరులో తేదీల వరుసన పెట్టి, ఆ 60 రోజులు పూర్తయ్యాక ఒకేసారి పంపాను.