దైవజ్ఞానంతో నడవడం – 5వ పాఠం: అబీగయీలుకు దక్కిన ప్రతిఫలం

కిందటి పాఠంలో యాకోబు పత్రిక 3:17 చదివాం. పైనుండి వచ్చే జ్ఞానం మొట్టమొదట పవిత్రమైనది, తరువాత సమాధానకరమైనది, మృదువైనది, సులభంగా లోబడేది, కనికరంతో, మంచి ఫలాలతో నిండినది, పక్షపాతం, వేషధారణ లేనిది. ఈ గుర్తులను వరుస తప్పకుండా కంఠస్థం చేయమన్నాను. ఇంకా నోటికి రాకపోతే ముందు ఆ పని ముగించి రండి. ఈ పాఠంలో అడుగడుగునా వాటితో పని ఉంది.

ఈ వారం నేర్చుకునేది జ్ఞానానికి కలిగే ప్రతిఫలాన్ని వాక్యంలో గుర్తుపట్టడం. సామెతలు 3:16లో కుడిచేతిలో దీర్ఘాయువు, ఎడమచేతిలో ధనఘనతలు అని స్పష్టంగానే ఉంది కదా, ఇక వెతికేదేముంది అని కొందరికి అనిపిస్తుంది. ఆ వచనం నిజం. అయితే చాలామంది అక్కడే బైబిలు మూసేస్తారు. 17వ వచనంలో జ్ఞానపు త్రోవలన్నీ క్షేమకరమని ఉంది. దాని లోతు తెలియాలంటే, త్రోవ తప్పి ఉంటే ఏమి జరిగేదో చూపించే ఒక కథ చదవాలి. 1 సమూయేలు 25వ అధ్యాయం అటువంటిది. పెన్సిలు పట్టుకుని కూర్చోండి.

నాబాలు మాయోనులో ఉండే ఆస్తిపరుడు. 3000 గొర్రెలు, 1000 మేకలు. కర్మెలులో బొచ్చు కత్తిరించే పండుగనాడు, అప్పటికింకా రాజు కాని దావీదు 10 మంది యువకులను పంపి, మర్యాదగా భోజన పదార్థాలు అడిగించాడు. నాబాలు దావీదు ఎవడని తూలనాడి వెళ్లగొట్టాడు. దావీదు 400 మందికి కత్తులు కట్టించి బయలుదేరాడు. తెల్లవారేసరికి ఆ ఇంట మగవాడు ఒక్కడూ మిగలకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

ఇప్పుడు 14వ వచనం దగ్గర ఆగండి. జరిగినదాన్ని ఒక పనివాడు వచ్చి నాబాలు భార్య అబీగయీలుకు చెప్పాడు. యజమానితో ఎవరూ మాట్లాడలేరని కూడా అతడే అన్నాడు. ఆయనతో చెప్పలేని మాట ఈమెతో ఎందుకు చెప్పగలిగాడు? పనివాడి మాటను కూడా చెవిన పెట్టే మనిషి కాబట్టి. యాకోబు చెప్పిన ‘సులభంగా లోబడే’ గుణం ఇదే. పక్కన గీత గీసుకోండి. ఆమె నోరు తెరిచి ఒక్క మాటైనా అనకముందే జ్ఞానం పని మొదలుపెట్టింది.

తరువాత ఆమె చేసిన పనులు చూడండి. 200 రొట్టెలు, 2 తిత్తుల ద్రాక్షారసం, వండిన 5 గొర్రెల మాంసం, 5 మానికల వేయించిన ధాన్యం, 100 ద్రాక్షగెలలు, 200 అంజూరపు అడలు (ఎండు అంజూరాల ముద్దలు) గాడిదల మీద వేయించి, త్వరపడి వెళ్లింది. దావీదు పాదాల మీద పడి, ఆ దోషం తనదిగా ఎంచమంది. భర్త మూర్ఖుడని ఒప్పుకుంది గాని దావీదును పొగిడి మాత్రమే ఊరుకోలేదు. నిష్కారణంగా రక్తం చిందించావన్న మనోవేదన రేపు రాజయ్యాక నీకు ఉండకూడదు అని 31వ వచనంలో సూటిగా చెప్పింది. ఎంతో మృదువుగా అన్నా, పాపాన్ని పాపమనే అన్నది. యాకోబు పవిత్రతను మొదట, సమాధానాన్ని తరువాత ఎందుకు పెట్టాడో ఇక్కడ అర్థమవుతుంది. 

36వ వచనం నాకు ఎంతో ఇష్టం. ఇంటికి వచ్చేసరికి నాబాలు విందులో మత్తుగా ఉన్నాడు. తెల్లవారేవరకు ఆమె అతనితో ఏమీ చెప్పలేదు. దావీదు దగ్గరకు పరుగెత్తిన మనిషే భర్త దగ్గర రాత్రంతా ఆగింది. ఏ మాటకు ఏది సమయమో తెలియడం దేవుడిచ్చే వరం.

ఇక ప్రతిఫలానికి వద్దాం. తరువాత యెహోవా మొత్తగా నాబాలు చనిపోయాడు (38వ వచనం). ఆమె దావీదుకు భార్య అయింది, అదే బహుమానం అని తరచూ వింటుంటాం. నేను ఒప్పుకోలేను. 30వ అధ్యాయంలో, దావీదు కాపురమున్న సిక్లగు పట్టణం తగలబడినప్పుడు అమాలేకీయులు చెరపట్టినవారిలో అబీగయీలు కూడా ఉంది. ఆ పెళ్లి ఆమెను సుఖాల్లో కూర్చోబెట్టలేదు. అసలు ప్రతిఫలం 25వ అధ్యాయం 33వ వచనంలో ఉంది. పగ తీర్చుకోకుండా, ప్రాణాలు తీయకుండా నన్ను ఆపావు అని దావీదు ఆమెను దీవించాడు. ఆ ఉదయం ఆ ఇంట శవాలు లేవలేదు. ఆ కబురు తెచ్చిన పనివాడు బతికాడు. కాబోయే రాజు చేతులకు రక్తం అంటలేదు. 26వ అధ్యాయంలో, తనను తరుముతూ వచ్చి నిద్రపోతున్న సౌలు రాజు తలదగ్గర నిలబడి, యెహోవాయే అతన్ని మొత్తుతాడని దావీదు అన్నప్పుడు, నాబాలు విషయంలో నేర్చుకున్నదే మాట్లాడుతున్నట్లు నాకు తోస్తుంది.

సంఘంలో సాక్ష్యం చెప్పడానికి నిలబడినప్పుడు ఉద్యోగం వచ్చిందని, ఇల్లు కట్టామని చెబుతాం. అన్నదమ్ముల మధ్య పొలం గట్టు తగాదా కోర్టుదాకా వెళ్లకుండా ఆగిందని ఎవరైనా చెప్పారా? చెప్పాలి. అదీ దేవుని దీవెనే.

మరి జ్ఞానంగా నడిచినవారిని లోకం ఎప్పుడూ గౌరవిస్తుందా? ప్రసంగి 9:13–16 చదవండి. గొప్ప రాజు ముట్టడి వేసిన చిన్న పట్టణాన్ని ఒక బీదవాడు తన జ్ఞానంతో రక్షించాడు. ఆ బీదవాణ్ణి ఎవరూ జ్ఞాపకం ఉంచుకోలేదు. అయినా బలం కంటే జ్ఞానమే శ్రేష్ఠమని ప్రసంగి అంటాడు. పట్టణమైతే నిలిచింది కదా!

ఈ వారం అభ్యాసం. నోటుపుస్తకంలో ఒక పేజీని మూడు భాగాలు చేయండి. మొదటి భాగంలో అబీగయీలు ఏమి చేసిందో, రెండవ భాగంలో ఏ మాట ఎప్పుడు ఆపుకుందో, మూడవ భాగంలో ఏ కీడు తప్పిందో వచనాల సంఖ్యలతో రాయండి. తరువాతి పేజీలో మీ ఇంట్లో, సంఘంలో ఇప్పుడు నలుగుతున్న ఒక్క విషయాన్ని తీసుకుని అవే మూడు భాగాలు నింపండి. కోపంతో ఫోనులో టైపు చేసిన సందేశం ఏదైనా పంపకుండా ఉంటే, ముందుగా దాన్ని తీసుకోండి. మూడవ భాగం ఖాళీగా ఉన్నా పరవాలేదు, తప్పిన కీడు వెంటనే కనబడదు. యాకోబు 1:5 ప్రకారం జ్ఞానం కోసం అడిగి, ఆ తరువాతే రాయడం మొదలుపెట్టండి.

6వ పాఠానికి 1 రాజులు 3, 11 అధ్యాయాలు ఒకే రోజున, ఒకదాని వెంట ఒకటి చదివి రండి. గిబియోనులో జ్ఞానం అడిగిన సొలొమోను, వృద్ధాప్యంలో హృదయం తిరిగిపోయిన సొలొమోను ఒక్కరే. ఈ మధ్యలో ఏమి జరిగిందో 11వ అధ్యాయం మొదటి 8 వచనాల్లో వెతకండి.