కంపెనీ తీగ కత్తిరించకుండా కారులో ఆండ్రాయిడ్ స్టీరియో

పాత స్టీరియో తీసి ఆండ్రాయిడ్ టచ్ స్క్రీన్ పెట్టుకోవడానికి కారు వైరింగులో ఒక్క తీగ కూడా కత్తిరించక్కర్లేదు. బిగించే మనిషి కట్టర్ చేతిలోకి తీసుకున్నాడంటే, ఆ కారుకు సరిపడే కప్లర్ (తీగలను కత్తిరించకుండా కలిపే ప్లగ్గు) అతని దగ్గర లేదని అర్థం. అక్కడే ఆపించండి. మెలిపెట్టి నల్ల టేపు చుట్టిన జాయింట్లు మన ఎండలకు ఎక్కువ కాలం నిలవవు. డాష్‌బోర్డు వేడెక్కితే టేపు జిగురు కరిగి జారిపోతుంది, తీగలు ఒకదానికొకటి తగులుతాయి. వారంటీలో ఉన్న కారైతే, రేపు ఏ కరెంటు సమస్య వచ్చినా సర్వీస్ సెంటర్ ఆ జాయింట్లనే చూపిస్తుంది. కారు అమ్మేటప్పుడు పాత స్టీరియో తిరిగి పెట్టాలన్నా దారి ఉండదు.

ఇక్కడ ఉదాహరణకు మారుతి కార్లను తీసుకుంటున్నాం. స్విఫ్ట్, డిజైర్, వేగన్ఆర్, ఎర్టిగా వంటి వాటిలో చాలా మోడళ్లకు స్టీరియో వెనక 20 పిన్నుల కప్లర్ ఒకటే వస్తుంది. హ్యుందాయ్, టాటా, హోండా కార్లకూ పని తీరు ఇదే. ఫ్రేమూ కప్లరూ మారతాయి.

కొనే ముందు

తెర ఎంత పెద్దదనే దానికంటే, దానితో పాటు వచ్చే మూడు వస్తువులు మీ కారువేనా అన్నది ముఖ్యం. ఒకటి, డాష్‌బోర్డు ఆకారానికి అతికే ప్లాస్టిక్ ఫ్రేమ్. రెండు, స్టీరియో వైర్లను కారు కప్లర్‌కు కలిపే జోడు కప్లర్. మూడు, రేడియో ఏంటెన్నా అడాప్టర్. కారు పేరు ఒక్కటే చెబితే చాలదు, ఏ సంవత్సరం మోడలో, ఏ వేరియంటో కూడా చెప్పాలి. 2017 స్విఫ్ట్ ఫ్రేము 2018లో వచ్చిన కొత్త స్విఫ్ట్‌కు పట్టదు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్నా విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా, డబ్బు కట్టకముందే ఫ్రేమును కారు దగ్గరకు తెచ్చి ఆనించి చూడండి. ఒక మూల రెండు మిల్లీమీటర్లు లేచి ఉన్నా, తర్వాత ప్రతి గుంతకూ కిరకిరమంటుంది.

కిందిస్థాయి వేరియంట్లలో వెనక తలుపులకు స్పీకర్లే కాదు, వాటి తీగలు కూడా ఉండకపోవచ్చు. స్టీరింగ్ మీద బటన్లు లేని కారుకు స్టీరింగ్ కంట్రోల్ తీగ కూడా ఉండకపోవచ్చు. ఇవి ముందే చూసుకుంటే ఖర్చు ఎంతవుతుందో తేలిపోతుంది.

ఇక పెట్టె మీద రాసిన లెక్కల సంగతి. చవక యూనిట్లలో మోసం ఎక్కువగా జరిగేది ఇక్కడే. సెట్టింగుల్లో ఆండ్రాయిడ్ 13 అని చూపిస్తూ లోపల చాలా పాతది నడిపించే యూనిట్లు బోలెడున్నాయి. ఏసీ8227ఎల్ అనే పాత చిప్పు వేసి, పైన కొత్త వెర్షన్ పేరూ పెద్ద ర్యామ్ అంకే కనిపించేలా సాఫ్ట్‌వేర్ మార్చి అమ్ముతారు. షాపులోనే యూనిట్ ఆన్ చేయించి, ప్రాసెసర్ వివరాలు చూపించే సీపీయూ-జెడ్ వంటి యాప్ వేసి చూడండి. మ్యాపులు, పాటలు, ఫోన్‌లోని యాప్‌లను తెర మీద చూపే ఆండ్రాయిడ్ ఆటో వరకైతే నిజమైన 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజీతో పని జరుగుతుంది. నాలుగైదేళ్లు వాడాలనుకుంటే 4 జీబీ, 64 జీబీ తీసుకోండి. చిప్పు యూఐఎస్7862 తరగతిదైతే తెర తడబడదు. రిజల్యూషన్ 1024×600 కంటే 1280×720 ఉంటే అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి. తెర ఐపీఎస్‌దో క్యూఎల్‌ఈడీదో అయి ఉండాలి. మామూలు ప్యానెల్ అయితే మధ్యాహ్నం ఎండలో, డ్రైవర్ సీటు నుంచి పక్కవాటుగా చూసినప్పుడు వెలిసిపోయినట్టు ఉంటుంది.

'4×50 వాట్లు' అన్నది క్షణకాలపు గరిష్ఠం. కారు 14.4 వోల్టులతో, 4 ఓమ్‌ల స్పీకరు మీద, లోపలి యాంప్లిఫయర్ చిప్పు వక్రీకరణ లేకుండా ఇచ్చేది ఒక్కో చానల్‌కు 20 వాట్ల చుట్టుపక్కలే. అంతకు మించి కావాలంటే విడిగా యాంప్లిఫయర్ పెట్టుకోవాలి. అందుకు వెనక ఆర్‌సీఏ అవుట్‌పుట్‌లు, అంటే యాంప్లిఫయర్‌కు శబ్దం పంపే సాకెట్లు ఉండాలి.

విప్పడం

పనిముట్లు ఎక్కువ అక్కర్లేదు: ప్లాస్టిక్ ట్రిమ్ రిమూవర్, స్టార్ స్క్రూడ్రైవర్, 10 ఎంఎం స్పానర్, మల్టీమీటర్, జిప్ టైలు, ఒక చుట్ట ఫెల్ట్ టేపు. ఇనుప స్క్రూడ్రైవర్‌తో ప్యానెల్ ఎత్తితే అంచు మీద గీత పడుతుంది, అది మళ్లీ పోదు.

తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీసి, ఐదు నిమిషాలు ఆగండి. ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో కొంతసేపు చార్జ్ నిలిచి ఉంటుంది, అందుకే ఆ ఐదు నిమిషాలు. లోపల పసుపు రంగు కప్లర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది, దాని జోలికి పోవద్దు.

స్టీరియో చుట్టూ ఉన్న ప్యానెల్ సాధారణంగా క్లిప్పుల మీదే నిలుస్తుంది. కింది అంచు నుంచి మొదలుపెట్టి, ఒక్కో క్లిప్పు దగ్గరా కొద్దికొద్దిగా లాగుతూ పైకి రండి. ఒకే చోట పట్టి గుంజితే క్లిప్పు ముక్క లోపల పడిపోతుంది. కొన్ని మోడళ్లలో హజార్డ్ స్విచ్ ఈ ప్యానెల్ మీదే ఉంటుంది. ప్యానెల్ ఊడగానే దూరంగా లాగకుండా, ముందు దాని కప్లర్ నాలుక నొక్కి విడదీయండి. తర్వాత స్టీరియోను పట్టుకున్న స్క్రూలు, చాలా వాటిలో నాలుగు, విప్పి బయటికి లాగితే వెనక పెద్ద కప్లరూ ఏంటెన్నా పిన్నూ కనిపిస్తాయి. స్క్రూలను ఏ రంధ్రం నుంచి తీసినవి ఆ రంధ్రం పేరుతో విడివిడిగా పెట్టండి. పొట్టి స్క్రూ చోట పొడుగుది బిగిస్తే వెనకున్న తీగల్లోకి దిగుతుంది.

తీగలు

జోడు కప్లర్ ఉన్నా సరే, ఏ రంగు దేనిదో తెలియాలి. కొన్ని చవక కప్లర్లలో పిన్నులు తప్పు చోట గుచ్చి వస్తాయి. స్టీరియో వైపు రంగులు దాదాపు అన్ని కంపెనీలకూ ఒకటే:

పసుపు – బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండే 12 వోల్టులు
ఎరుపు – తాళం తిప్పితేనే వచ్చే ఏసీసీ కరెంటు
నలుపు – ఎర్త్
నారింజ – హెడ్‌లైట్ వేస్తే తెర కాంతి తగ్గించేది
నీలం, నీలం మీద తెలుపు చార – ఏంటెన్నాకూ యాంప్లిఫయర్‌కూ పోయే 12 వోల్టులు
తెలుపు, బూడిద – ముందు ఎడమ, ముందు కుడి స్పీకర్లు
ఆకుపచ్చ, ఊదా – వెనక ఎడమ, వెనక కుడి

స్పీకర్ జతల్లో నల్ల చార ఉన్నది నెగటివ్.

స్టీరియో తగిలించకముందే నెగటివ్ టెర్మినల్ తాత్కాలికంగా పెట్టి, జోడు కప్లర్‌ను కారు కప్లర్‌కు కలిపి మల్టీమీటర్‌తో కొలవండి. తాళం ఆఫ్‌లో పసుపు దగ్గర 12.4 నుంచి 12.7 వోల్టులు, ఎరుపు దగ్గర సున్నా ఉండాలి. ఏసీసీకి తిప్పితే ఎరుపు దగ్గరా 12 దాటాలి. స్పీకర్ జత మధ్య 3 నుంచి 4 ఓమ్‌లు చూపాలి. స్పీకర్ తీగకూ బాడీకీ మధ్య ఏమీ చూపకూడదు. ఓమ్‌లు కొలిచే ముందు టెర్మినల్ మళ్లీ తీసేయండి.

ఇందులో అన్నిటికన్నా ఖరీదైన తప్పు స్పీకర్ నెగటివ్‌ను బాడీ ఎర్త్‌కు కలపడం. ఈ యూనిట్లలో స్పీకరు రెండు తీగల మీదా యాంప్లిఫయర్ వోల్టేజీ ఉంటుంది. నెగటివ్ అని రాసి ఉన్నా అది ఎర్త్ కాదు. బాడీకి తగిలిందంటే యాంప్లిఫయర్ చిప్పు పోయినట్టే. ఖాళీగా మిగిలిన ప్రతి తీగ కొసకూ విడివిడిగా టేపు చుట్టమనేది ఇందుకే.

ఫోక్స్‌వాగన్, స్కోడా కార్లలో చాలా వాటికి ఏసీసీ తీగే ఉండదు. తాళం తిప్పిన సంగతి డేటా లైన్ ద్వారా తెలుస్తుంది. వాటికి ఆ డేటాను చదివి స్టీరియోకు అందించే క్యాన్‌బస్ బాక్సు తప్పనిసరి. అది లేదని ఎరుపూ పసుపూ కలిపేస్తే స్టీరియో రాత్రంతా మేలుకునే ఉంటుంది, పొద్దున బండి స్టార్ట్ కాదు.

రివర్స్ కెమెరా, జీపీఎస్, మైకు

కెమెరాకు కరెంటు వెనక రివర్స్ లైటు నుంచి తీస్తారు. కెమెరా ఎర్ర తీగను రివర్స్ బల్బు పాజిటివ్‌కు, నల్ల తీగను ఎర్త్‌కు కలపాలి. వీడియో తీగకు రెండు కొసల్లోనూ సన్నని ఎర్ర తీగ ఒకటి ఉంటుంది. వెనక కొసను కూడా బల్బు పాజిటివ్‌కే కలిపి, ముందు కొసను స్టీరియో 'బ్యాక్' లేదా 'రివర్స్' తీగకు కలపాలి. ఇది మరిచిపోతే కెమెరా వెలుగుతుంది కాని, రివర్స్ గేరు వేసినా తెర మారదు. డిక్కీ తలుపుకు వెళ్లే తీగను రబ్బరు గొట్టం లోంచే పంపండి. బయటి నుంచి తెస్తే తలుపు మూసిన ప్రతిసారీ నలిగి, కొన్నాళ్లకు తెగుతుంది. రివర్స్ లైటు ఎల్ఈడీదై బొమ్మ మినుకుమంటుంటే, మధ్యలో 12 వోల్టుల రిలే వేయాలి.

జీపీఎస్ ఏంటెన్నా ముక్కను డాష్‌బోర్డు ప్లాస్టిక్ కింద, అద్దానికి దగ్గరగా, బొమ్మ ఉన్న వైపు ఆకాశం కేసి పెట్టండి. పైన ఇనుప రేకు ఉంటే సిగ్నల్ రాదు. ఆ తీగను వీడియో, కరెంటు తీగలతో కలిపి కట్టకండి.

యూనిట్‌లో ఉన్న మైకు ఏసీ గాలి శబ్దాన్నే ఎక్కువ పడుతుంది, అవతలివాళ్లకు మాట వినపడదు. బయటి మైకు తీసుకుని స్టీరింగ్ కాలమ్ పై కవరు మీద అతికించండి. కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కారులో ముందు స్తంభం కవరు ఊడదీసి లోపల తీగ పెట్టొద్దు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే దారి అదే.

'బ్రేక్' అని ఉన్న తీగను హ్యాండ్‌బ్రేక్ స్విచ్ తీగకు కలిపితే, బండి ఆగి ఉన్నప్పుడే వీడియో కనిపిస్తుంది. చాలామంది దాన్ని నేరుగా ఎర్త్‌కు తగిలించేస్తారు. అలా చేస్తే నడిచే బండిలో డ్రైవరు కళ్లముందే సినిమా ఆడుతుంది. దయచేసి వద్దు.

మూసే ముందు

ప్యానెల్ నొక్కేయకుండా, స్టీరియోను వేలాడుతున్న స్థితిలోనే ఆన్ చేసి అన్నీ చూడండి: బ్యాలెన్స్ (ఎడమ-కుడి), ఫేడర్ (ముందు-వెనక) తిప్పుతూ నాలుగు స్పీకర్లూ ఒక్కొక్కటిగా, రేడియో, రివర్స్ గేరు, హెడ్‌లైటు వేస్తే కాంతి తగ్గడం, స్టీరింగ్ బటన్లు, ఒక ఫోన్ కాల్, రెండు యూఎస్‌బీలు. హజార్డ్ స్విచ్ కూడా.

తీగల కట్టను యూనిట్ వెనక వేడిని బయటికి వదిలే అల్యూమినియం హీట్‌సింక్ మీద కుక్కవద్దు. కిందికి, గ్లవ్‌బాక్సు వైపు ఖాళీలోకి దింపి జిప్ టైతో కట్టండి. మే నెలలో ఎండలో నిలిపిన కారులో ఆ హీట్‌సింక్‌కు గాలి ఆడకపోతే యూనిట్ తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. కప్లర్లన్నిటికీ ఫెల్ట్ టేపు చుడితే లోపల టకటకలు రావు. ఫ్రేము స్క్రూలు చేతి బిగువు చాలు. ఎక్కువ బిగిస్తే ఫ్రేము వంగి తెర అంచు నొక్కుకుంటుంది, తాకకుండానే టచ్ పనిచేస్తుంటుంది.

బ్యాటరీ ఊడదీశాం కనక గడియారం, కొన్ని కార్లలో పవర్ విండో ఆటో పనీ మళ్లీ సెట్ చేసుకోవాలి.

సెట్టింగులు, తరచూ వచ్చే తేడాలు

రేడియో ప్రాంతం అమెరికాగా ఉంటే స్టేషన్లు 0.2 మెగాహెర్ట్జ్ అంగలో, బేసి దశాంశాల మీదే దొరుకుతాయి. హైదరాబాద్ 98.3, 93.5 పలుకుతాయి కాని, వివిధభారతి 102.8 ఎంత వెతికినా రాదు. ప్రాంతం మార్చి 0.1 అంగ ఉన్నది ఎంచుకుంటే వస్తుంది. స్టేషన్లన్నీ గరగరమంటుంటే ఏంటెన్నాకు కరెంటు అందడం లేదు. నీలం తీగ కలిసిందో లేదో చూడండి.

తాళం తీసిన ప్రతిసారీ సెట్టింగులు పోతుంటే పసుపూ ఎరుపూ తారుమారయ్యాయి. పాట వస్తున్నా బేస్ లేకుండా పల్చగా ఉంటే ఒక స్పీకరు ప్లస్ మైనస్ తిరగబడింది. ఆ స్పీకరు తీగలకు 1.5 వోల్టుల సెల్లు క్షణం తగిలిస్తే, సరైన కలయికలో శంకువు బయటికి కదులుతుంది. ఈ పరీక్ష స్టీరియో కప్లర్ తీసేశాకే చేయాలి. ఇంజను వేగంతో పాటు కీచుమనే శబ్దం పెరుగుతుంటే ఎర్త్‌లో లోపం. స్టీరియో నల్ల తీగను డాష్‌బోర్డు లోపలి ఇనుప భాగానికి, రంగు గీకి, బోల్టు కింద బిగించండి. స్టీరింగ్ మీద ఏ బటన్ నొక్కినా ఒకటే పని జరుగుతుంటే కీ ఎర్త్ కలవలేదు. అది సరిచేసి బటన్లు మళ్లీ నేర్పించండి.

కెమెరా తెర నల్లగా వస్తే ముందు వీడియో రకం మార్చి చూడండి: ఏహెచ్‌డీ, సీవీబీఎస్ అనేవి రెండు వీడియో రకాలు. ఏహెచ్‌డీ కెమెరాకు సీవీబీఎస్ పెట్టినా, సీవీబీఎస్ కెమెరాకు ఏహెచ్‌డీ పెట్టినా బొమ్మ రాదు. ఇలాంటివి ఫ్యాక్టరీ సెట్టింగుల్లో ఉంటాయి, వాటికి పాస్‌వర్డ్ కావాలి. 8888, 126 వంటివి కొన్నింటికి పనిచేస్తాయి. మీ యూనిట్‌ది ఏదో షాపులోనే అడిగి రాసుకోండి.

తాళం తిప్పగానే తెర వెలగాలని చాలా యూనిట్లు నిద్రావస్థలో ఉంటాయి, పూర్తిగా ఆగవు. రోజూ నడిపే బండికి ఇబ్బంది లేదు. వారాల తరబడి నిలిపి ఉంచేవాళ్లు స్లీప్ సమయాన్ని తగ్గించి, ఆ తర్వాత పూర్తిగా ఆఫ్ అయ్యేలా పెట్టుకోవాలి. అనుమానముంటే కొలవండి: బానెట్ తెరిచి, తాళం తీసి, తలుపులు మూసి, 10 ఆంపియర్ల రేంజిలో మల్టీమీటర్‌ను నెగటివ్ టెర్మినల్‌కూ తీగకూ మధ్య పెట్టి ఇరవై నిమిషాలు ఆగండి. మీటరు మధ్యలో ఉండగా తాళం తిప్పితే మీటరు ఫ్యూజు పోతుంది. 50 మిల్లీఆంపియర్ల లోపు చూపితే సరే. అంతకు మించితే స్టీరియో పసుపు తీగ మీది ఫ్యూజు తీసి చూడండి. అంకె పడిపోతే కరెంటు తాగుతున్నది స్టీరియోనే. పడిపోకపోతే కారణం కారులో మరోచోట ఉంది.