కాంపౌండ్ బోకి కొత్త యాక్సెసరీలు పెట్టాక బాణాలు దారి తప్పుతుంటే: సమస్య - పరిష్కారం

కాంపౌండ్ బో (క్యామ్ చక్రాలు, కేబుళ్ళతో నడిచే విల్లు) మీద కొత్త సైట్ (గురి చూసే పరికరం), కొత్త డ్రాప్-అవే రెస్ట్ (బాణాన్ని మోసి, వదలగానే కిందకి పడిపోయే ఆనుడు), పొడుగు స్టెబిలైజర్ (బో కదలకుండా పెట్టే బరువు కడ్డీ), క్వివర్ (బాణాల పొది) అన్నీ ఒకేసారి బిగించేసి, గ్రూప్ (బాణాలన్నీ దగ్గరదగ్గరగా పడటం) చెదిరిపోయేసరికి సైట్ పిన్లు (గురికి పెట్టుకునే చుక్కలు) అటూ ఇటూ జరుపుతూ కూర్చునేవాళ్ళని చాలామందిని చూశాను, వాళ్ళ బో చేతికి తీసుకుని చూస్తే తప్పు సైట్‌లో ఉండటం తక్కువే. సీజన్ ముంచుకొచ్చాక అప్‌గ్రేడ్ చేసేవాళ్ళకి ఈ బాధ ఇంకా ఎక్కువ, టైమ్ ఉండదు కాబట్టి 20 గజాల్లో ఎలాగోలా మధ్యలో పడేలా పిన్ను జరిపేసి వేటకి వెళ్ళిపోతారు. పక్క నుంచి చూస్తే జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే భాగం 8 నుంచి 10 అంగుళాలే, అక్కడ పడని బాణం అంటే గాయంతో ఎటో పారిపోయి నరకం చూసే జంతువు. నాకు ఈ విషయంలో ఓపిక లేకపోవడానికి కారణం అదే.

డీ-లూప్ (స్ట్రింగ్ మీద కట్టే చిన్న తాడు ఉచ్చు) కట్టడం, పిన్ను జరపడం, రిలీజ్ (స్ట్రింగ్‌ని పట్టి వదిలే ట్రిగ్గర్) వాడటం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నా.

ఏదీ విప్పకముందు

స్క్రూలు. అవును, స్క్రూలే. సైట్‌ని రైజర్‌కి (బో మధ్య పిడి భాగం) పట్టే రెండు స్క్రూలు, రెస్ట్ బోల్ట్, క్వివర్ బ్రాకెట్, స్టెబిలైజర్, పిన్లన్నిటినీ కలిపి జరిపే గ్యాంగ్ లాక్ స్క్రూ, ఒక్కొక్కదానికీ అలెన్ కీ పెట్టి చూడండి, చేత్తో ఊపి "గట్టిగానే ఉంది" అనుకోవద్దు. బో వదిలిన ప్రతిసారీ ఆ అదురు అంతా వీటి మీదకే వస్తుంది, కొత్తగా బిగించినవి మొదటి కొన్ని రోజుల్లోనే వదులవుతాయి. నీలం రంగు థ్రెడ్‌లాకర్ ఒక చుక్క వెయ్యండి, ఎరుపుది వెయ్యకండి, దాన్ని తర్వాత విప్పాలంటే వేడి చెయ్యాల్సొస్తుంది. బిగించాక స్క్రూ తల మీద నుంచి పక్క మెటల్ మీదకి తెల్ల మార్కర్‌తో ఒక గీత గీయండి, ఇకపై గీత విరిగిందో లేదో చూస్తే చాలు, స్క్రూ కదిలిందో లేదో తెలిసిపోతుంది.

తర్వాత బాణాలకి నంబర్లు రాయండి. పక్కకి పోయేది ఎప్పుడూ 4వ నంబరే అయితే మీ బో బాగానే ఉన్నట్టు, ఆ బాణం నాక్ (తోక చివర స్ట్రింగ్‌కి తగిలించే గాడి) పగిలిందేమో చూడండి. క్వివర్ లేకుండా సైట్ సెట్ చేసుకుని, బాణాలు నింపిన క్వివర్‌తో వేటకి వెళ్ళడం కూడా ఇలాంటిదే, ఒక పక్కన ఆ బరువు వేలాడితే బో అటు వాలుతుంది. ఎలా వేటాడతారో అలాగే ప్రాక్టీస్ చెయ్యండి, అంతే.

ఇంకోటి, కొత్త సామాను ఒక్కోటిగా పెట్టండి. ఒకటి పెట్టి, షూట్ చేసి, గ్రూప్ నిలిచాక రెండోది. నాలుగూ ఒకేసారి పెడితే ఏది చెడగొట్టిందో ఎవరూ చెప్పలేరు.

ఫీల్డ్ పాయింట్లు (ప్రాక్టీస్ మొనలు) మధ్యలో, బ్రాడ్‌హెడ్లు (వేటకి వాడే బ్లేడ్ల మొనలు) కిందకి; లేదా గ్రూప్ నిలువుగా సాగిపోతోంది

అసలు రాయాలనుకున్నది దీని గురించే. నా టైమ్ అన్నిటికన్నా ఎక్కువ తినేసిన సమస్య ఇది, ఎందుకంటే బో టేబుల్ మీద ఉన్నంతసేపూ అన్నీ కరెక్ట్‌గానే కనిపిస్తాయి.

లక్షణాలు ఇలా ఉంటాయి. కొత్త డ్రాప్-అవే రెస్ట్ పెట్టారు, మొదటి రోజు అద్భుతంగా షూట్ అయింది, పేపర్‌లోంచి వేసి చూస్తే చిల్లు గుండ్రంగా పడింది, అంటే బాణం తిన్నగా పోతోంది. కొన్ని వారాలు పోయాక ఫీల్డ్ పాయింట్లు 20 గజాల్లో బాగానే పడుతున్నాయి గానీ 40లో పైకీ కిందకీ సాగుతున్నాయి, బ్రాడ్‌హెడ్ పెడితే ఇంకా కిందకి పోతోంది. బ్రాడ్‌హెడ్ బాలేదని ఇంకో రకం కొంటారు. అదీ అంతే. రెస్ట్ అటో ఇటో జరుపుతారు, ఒకరోజు బాగున్నట్టు అనిపిస్తుంది, మళ్ళీ మామూలే.

కారణం చాలాసార్లు రెస్ట్ నుంచి కేబుల్‌కి వెళ్ళే ఆ సన్న తాడు.

కేబుల్‌తో నడిచే డ్రాప్-అవే ఎలా పనిచేస్తుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. బో లాగినప్పుడు కిందకి దిగే కేబుల్‌కి ఆ తాడు కట్టి ఉంటుంది, కేబుల్ దిగుతూ తాడుని లాగితే లాంచర్ (రెస్ట్‌లో బాణాన్ని మోసే చెయ్యి) పైకి లేచి బాణాన్ని ఎత్తి పట్టుకుంటుంది. వదలగానే కేబుల్ పైకి వెళ్తుంది, తాడు వదులవుతుంది, లాంచర్ పడిపోయి వేన్స్‌కి (బాణం తోక దగ్గర రెక్కలు) దారి ఇస్తుంది. అంటే లాంచర్ ఎంత ఎత్తుకి లేస్తుంది, ఎప్పుడు లేస్తుంది, ఎంతసేపు నిలబడుతుంది అనేవన్నీ ఆ తాడు పొడవు మీదే ఆధారపడి ఉంటాయి. కొత్తలో తాడు కొంచెం సాగుతుంది, కేబుల్ మీద సర్వింగ్ (చుట్టిన దారం) సర్దుకుంటుంది, తాడుని కేబుల్‌కి పట్టే క్లాంప్ పెట్టి ఉంటే ప్రతి డ్రాలోనూ తాడు దాన్ని పైకి లాగుతుంటుంది కాబట్టి అది రెండు మూడు మిల్లీమీటర్లు పైకి జారుతుంది. ఇక అక్కడి నుంచి లాంచర్ పూర్తిగా పైకి లేవదు, స్టాప్‌ని తాకకుండా కాస్త కిందే ఆగిపోతుంది, బాణం ముందు భాగం దిగి తోక ఎత్తుగా ఉండి బయల్దేరుతుంది. ఫీల్డ్ పాయింట్ అయితే వేన్స్ దాన్ని దారిలో సరిచేసేస్తాయి, మీకు తెలీదు. బ్రాడ్‌హెడ్ బ్లేడ్లకి గాలి తగులుతుంది కదా, అవి ముందు నుంచి బాణాన్ని కిందకి నడిపిస్తాయి, అప్పుడు బయటపడుతుంది.

ఇది దొరక్కపోవడానికి కారణం ఏంటంటే, బో లాగకుండా ఉన్నప్పుడు లాంచర్ ఎలాగూ కిందే ఉంటుంది, తాడు జారినా జారకపోయినా చూడటానికి ఒకేలా ఉంటుంది. తేడా ఫుల్ డ్రాలోనే (స్ట్రింగ్ పూర్తిగా లాగినప్పుడు) కనిపిస్తుంది, ఫుల్ డ్రాలో ఉన్న మనిషి పీప్‌లోంచి (స్ట్రింగ్‌లో ఉండే చిన్న చూపు రింగ్) పిన్నుని చూస్తాడు గానీ రెస్ట్‌ని చూడడు. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు కూడా నెలల తరబడి సైట్‌ని తిడుతుంటారు.

ఎలా చూడాలంటే, బాణం ఎక్కించి టార్గెట్ వైపే గురిపెట్టి (ఖాళీ బో లాగకండి, చెయ్యి జారి వదిలేస్తే లింబ్స్ (బో వంగే చేతులు) పగలొచ్చు, మీకూ దెబ్బ తగలొచ్చు) మెల్లగా లాగండి, పక్కన ఇంకొకరు నిలబడి లాంచర్‌ని మాత్రమే చూడాలి. డ్రా ఆఖరి ఒకటి రెండు అంగుళాల్లో లాంచర్ పైకి చేరి స్టాప్‌కి గట్టిగా తగలాలి. వాల్ (లాగడం ఆగిపోయే చోటు) తగిలాక కూడా లాంచర్‌కీ స్టాప్‌కీ మధ్య సందు కనిపిస్తే తాడు పొడవైపోయినట్టే. పక్కన ఎవరూ లేకపోతే ఫోన్ స్టాండ్ మీద పెట్టి స్లో మోషన్‌లో తీసుకోండి, అది ఇంకా మంచిది, వదిలినప్పుడు లాంచర్ ఎలా పడుతుందో కూడా కనిపిస్తుంది.

తాడు మరీ పొట్టిగా ఉంటే కథ తిరగబడుతుంది. లాంచర్ డ్రా సగంలోనే లేచిపోతుంది, వదిలాక కూడా చాలాసేపు నిలబడే ఉంటుంది, వెనక వచ్చే వేన్స్ దానికి తగులుతాయి. పేపర్‌లో చిరుగు రెస్ట్ ఎటు జరిపినా పోకపోతే, లేదా రోజుకోలా మారుతుంటే, ముందు దీన్నే అనుమానించండి. దీనికి పౌడర్ టెస్ట్ చేస్తారు, పాదాలకి కొట్టుకునే పౌడర్ స్ప్రేని వేన్స్ మీద, బాణం వెనక భాగం మీద, లాంచర్ మీద, షెల్ఫ్ (రెస్ట్ కింద రైజర్ అంచు) మీద, కేబుల్స్ మీద తెల్లగా కొట్టి దగ్గర నుంచి ఒక్క బాణం వెయ్యండి. తగిలిన చోట పౌడర్ గీసుకుపోయి ఉంటుంది. స్ప్రే లేకపోతే వేన్ అంచులకి లిప్‌స్టిక్ రాసినా సరిపోతుంది, తగిలిన చోట రంగు అంటుకుంటుంది. లాంచర్ మీద కాకుండా కేబుల్ మీద గీత పడితే తాడుని ఏమీ అనకండి, నాక్ కొంచెం తిప్పండి చాలు, పాత బిస్కెట్ రెస్ట్‌కి (బాణాన్ని చుట్టూ కుచ్చులతో పట్టే రకం) తగ్గట్టు తిప్పి పెట్టుకున్న నాక్‌లు డ్రాప్-అవేకి మారాక అలాగే ఉండిపోతాయి చాలామందికి.

సరిచెయ్యడం కష్టమేం కాదు. లాంచర్ పూర్తిగా లేవకపోతే క్లాంప్ వదులు చేసి కేబుల్ మీద కొంచెం కిందకి జరపండి, మిల్లీమీటరో రెండో, మళ్ళీ లాగి చూడండి. తొందరగా లేస్తుంటే పైకి జరపండి. టైమింగ్ కుదిరాక క్లాంప్‌కి పైనా కిందా సర్వింగ్ దారంతో గట్టిగా నాలుగు ముళ్ళు కట్టండి, ఇక అది జారదు. తాడుని కేబుల్ పోగుల మధ్యలోంచి దూర్చి సర్వింగ్ చేయించుకుంటే ఇంకా నమ్మకం, కానీ దానికి బో ప్రెస్ (లింబ్స్‌ని వంచి స్ట్రింగ్, కేబుళ్ళని వదులు చేసే యంత్రం) కావాలి, ప్రెస్ లేకుండా కేబుల్ పోగులు విడదీసే పని పెట్టుకోవద్దు. ఆఖరున క్లాంప్ అంచు దగ్గర కేబుల్ మీద మార్కర్‌తో చిన్న గీత పెట్టండి. ప్రతి వేటకి ముందు ఆ గీత చూడటానికి రెండు సెకన్లు చాలు, దీన్ని దాటేసేవాళ్ళని చూస్తే నిజంగా బాధేస్తుంది.

లింబ్‌తో నడిచే రెస్ట్ అయితే పని రివర్స్. అక్కడ స్ప్రింగ్ లాంచర్‌ని పైకి నెడుతుంటుంది, లింబ్‌కి కట్టిన తాడు దాన్ని కిందకి పట్టి ఉంచుతుంది, బో లాగి లింబ్ వంగితే తాడు వదులై లాంచర్ లేస్తుంది. ఇందులో తాడు సాగితే లాంచర్ లేవడానికి ఇబ్బంది లేదు, వదిలాక పూర్తిగా కిందకి పడదు, అంటే వేన్స్ తగులుతాయి. వీటిలో బో లాగకముందే లాంచర్ కాస్త ఎత్తుగా కనిపిస్తుంది కాబట్టి పట్టుకోవడం తేలిక.

ఇదంతా అయ్యాకే బ్రాడ్‌హెడ్ ట్యూనింగ్. బ్రాడ్‌హెడ్, ఫీల్డ్ పాయింట్ ఒకే బరువు ఉండాలి, 100 గ్రెయిన్లు అయితే రెండూ 100. రెస్ట్‌ని బ్రాడ్‌హెడ్ గ్రూప్ నుంచి ఫీల్డ్ పాయింట్ గ్రూప్ ఉన్న వైపుకి 1/32 అంగుళం చొప్పున జరపండి, రెండు గ్రూపులూ కలిసేదాకా. సెంటర్ షాట్, అంటే రైజర్ నుంచి బాణం మధ్యకి దూరం, 13/16 అంగుళం దగ్గర మొదలుపెడితే చాలా బోలకి దగ్గర్లోనే ఉంటుంది. సైట్ ముట్టుకునేది ఇవన్నీ అయ్యాక మాత్రమే.

పీప్ తిరిగిపోతోంది, లేదా ఉన్నట్టుండి అన్నీ పైకి పడుతున్నాయి

స్ట్రింగ్ కొత్తదైతే అది సర్దుకునేదాకా పీప్ తిరుగుతుంది, కొన్నాళ్ళు షూట్ చేశాకే ట్యూన్ చెయ్యండి. కొంచెం తిరుగుడు అయితే డీ-లూప్‌ని కాస్త తిప్పితే పోతుంది, ఎక్కువైతే ప్రెస్‌లో పెట్టి స్ట్రింగ్‌కి అర మెలిక. పైకి పడుతుంటే పీప్ పైకి జారిందేమో కొలవండి, పీప్‌కి పైనా కిందా దారం కట్టకుండా వదిలేసినవి జారతాయి. కట్టెయ్యండి.

నేల మీద బాగానే ఉంది, ట్రీ స్టాండ్ (చెట్టు మీద మంచె) ఎక్కితే ఎడమకో కుడికో పోతోంది

కొత్త సైట్ థర్డ్ యాక్సిస్ (పైకో కిందకో గురిపెట్టినా బబుల్ సరిగ్గా చూపేలా చేసే సర్దుబాటు) సెట్ చెయ్యలేదు. నేల మీద షూట్ చేసినంత కాలం ఇది అస్సలు బయటపడదు, కిందకి గురిపెట్టినప్పుడు సైట్‌లోని లెవెల్ బబుల్ అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది, మీరు బబుల్‌ని నమ్మి బో వాల్చేస్తారు, బాణం పక్కకి పోతుంది. బరువు కట్టిన పొడుగు దారం ఒకటి టార్గెట్ ముందు వేలాడదీసి, ఎత్తు మీద నుంచి ఫుల్ డ్రాలో కిందకి గురిపెట్టి పిన్ల వరసని ఆ దారానికి సరిగ్గా కలపండి, అప్పుడు బబుల్ మధ్యలో ఉండాలి. లేకపోతే థర్డ్ యాక్సిస్ స్క్రూ తిప్పాలి. సెకండ్ యాక్సిస్ (మట్టంగా గురిపెట్టినప్పటి బబుల్ సర్దుబాటు) ముందే సరిచేసుకుని ఉండాలి, లేకపోతే ఇది కుదరదు. ఎత్తు వల్ల దూరం మారిపోయిందని కొందరు అంటారు గానీ, 20 అడుగుల ఎత్తు నుంచి 20 గజాల్లో ఉన్న జింకకి నేల మీద దూరం దాదాపు 19 గజాలు, ఆ తేడాకి బాణం పక్కకి పోదు.

చప్పుడు పెరిగింది

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. శబ్దం సెకనుకి 1,100 అడుగుల పైచిలుకు పోతుంది, వేగంగా వేసే బో నుంచి కూడా బాణం 300 అడుగుల చుట్టుపక్కలే, అంటే చప్పుడు విని జింక ఒక్కసారి కిందకి కుంగడానికి టైమ్ ఉంటుంది, బాణం వెన్ను మీద నుంచి పోతుంది. లాంచర్ పడేచోట షెల్ఫ్ మీద మెత్తటి ఫెల్ట్ అంటించండి, క్వివర్‌లో బాణాలు ఒకదానికొకటి తగులుతున్నాయేమో చూడండి. స్ట్రింగ్ స్టాపర్ (వదిలాక స్ట్రింగ్ అదురుని ఆపేది) కొత్తగా పెట్టుంటే అది స్ట్రింగ్‌కి దాదాపు ఆనుకున్నట్టు, సన్నటి సందుతో ఉండాలి, స్ట్రింగ్‌ని నెట్టకూడదు, నెడితే గ్రూప్ కూడా చెడుతుంది.

మిగతావి

బరువైన బ్రాడ్‌హెడ్‌కి మారినా, డ్రా వెయిట్ పెంచినా స్పైన్ (బాణం వంగకుండా ఉండే గట్టిదనం) మెత్తబడినట్టు అవుతుంది, బాణాల కంపెనీ చార్ట్ చూసుకోండి. వెలిగే లైటు ఉన్న నాక్ మామూలు నాక్ కన్నా బరువు, పెడితే అన్ని బాణాలకీ పెట్టి ప్రాక్టీస్ చెయ్యండి, కొన్ని చోట్ల వేట రూల్స్ బో మీదా బాణం మీదా లైట్లని ఒప్పుకోవు కాబట్టి కొనకముందే చూసుకోండి. క్యామ్ వాలడం, యాక్సిల్ (క్యామ్ తిరిగే ఇరుసు) వంగడం, లింబ్‌లో పగులు లాంటివి యాక్సెసరీ మార్చినంత మాత్రాన రావు, చాలా అరుదు. లింబ్ అంచుల మీద దూది రుద్దితే పోగులు చిక్కుకున్నాయంటే మాత్రం ఆ బోతో ఇంకో బాణం వెయ్యకండి, నేరుగా బో టెక్నీషియన్ దగ్గరికి తీసుకెళ్ళండి.