ఎదుటి గట్టు మీద నుంచి కోట చూడండి: దొర్దోన్ లోయలో తిరిగే పద్ధతి

ఫ్రాన్స్ ట్రిప్ అనగానే మనవాళ్ల ప్లాన్‌లో పారిస్, ఐఫిల్ టవర్, డిస్నీలాండ్, ఆ తర్వాత స్విట్జర్లాండ్ రైలు ఉంటాయి. అందులోంచి నాలుగు రోజులు తీసి దొర్దోన్ లోయకి పెట్టండని అడిగినవాళ్లందరికీ చెబుతాను. నేను నైరుతి ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఉంటాను. గుంటూరు నుంచి అమ్మానాన్న వచ్చినా, హైదరాబాద్ నుంచి స్నేహితులు వచ్చినా ముందు తీసుకెళ్లేది అక్కడికే. ఉత్తరంగా కారులో రెండు రెండున్నర గంటల దారి.

దొర్దోన్‌ని అక్కడివాళ్లు వెయ్యిన్నొక్క కోటల సీమ అని చెప్పుకుంటారు. రోజుకి అయిదు కోటల లెక్కన పరిగెత్తితే మూడో కోట దగ్గరికొచ్చేసరికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అలా వద్దు. డోమ్ ఊరి నుంచి మిలాంద్ కోట దాకా దొర్దోన్ నది వెంట ఇరవై కిలోమీటర్ల లోపు ఉండే ముక్క ఒక్కటి తీసుకోండి. అందులోనే మూడు నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉంది.

ముందు ఒక సంగతి తెలిస్తే మిగతా అంతా సులువుగా అర్థమవుతుంది. 1337 నుంచి 1453 దాకా ఫ్రాన్స్, ఇంగ్లండ్ రాజుల మధ్య నూరేళ్ల యుద్ధం నడిచింది. ఆ కాలంలో చాలా ఏళ్లు ఈ నదే సరిహద్దు. ఉత్తరపు గట్టు మీద బెనాక్ కోట ఫ్రెంచ్ రాజు వైపు. దక్షిణపు గట్టు మీద కాస్తెల్నో కోట ఎక్కువ కాలం ఇంగ్లిష్ వాళ్ల చేతిలో ఉండేది. ఒక కోట బురుజు మీద నిలబడితే రెండో కోట కళ్లెదుటే కనిపిస్తుంది. అందుకే నా పద్ధతి ఇది: ఏ కోటనైనా ముందు దాని శత్రువు కోట మీద నుంచి చూడండి. ఎక్కడ కట్టారో, ఎందుకు అక్కడే కట్టారో అప్పుడే తెలుస్తుంది.

పొద్దున కాస్తెల్నోకి వెళ్లండి. సూర్యుడు మీ వెనకవైపు ఉంటాడు కాబట్టి, ఎదురుగా నూట యాభై మీటర్ల బండ మీద నిలబడ్డ బెనాక్ మీద ఎండ నేరుగా పడుతుంది. ఫొటోలకి అదే మంచి వేళ. సాయంత్రం బెనాక్‌కి మారితే ఈసారి కాస్తెల్నో వెలుగులో ఉంటుంది. వేళలు తారుమారు చేస్తే రెండు చోట్లా ఎదురెండలో నల్లటి ఆకారాలే కనిపిస్తాయి.

కాస్తెల్నో లోపల మధ్యయుగపు యుద్ధ మ్యూజియం ఉంది. 1985లో తెరిచారు. కత్తులు, కవచాలు సరే, నేను మాత్రం బయట నిలబెట్టిన రాళ్లు విసిరే యంత్రాల దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. పొడవాటి దూలానికి ఒక కొసన బరువు పెట్టె, రెండో కొసన వడిసెల. బరువు కిందికి పడగానే రాయి ఎగురుతుంది. ఇంత సులువైన సూత్రంతో పెద్ద పెద్ద రాతిగోడలు కూల్చారు. వేసవిలో వాటిని పనిచేయించి చూపిస్తారు, ఆ వేళ కనుక్కుని వెళ్లండి. 1442లో ఫ్రెంచ్ సైన్యం ముట్టడించాక ఈ కోట ఇంగ్లిష్ వాళ్ల చేయి దాటిపోయింది. తర్వాత శతాబ్దాల్లో పాడుబడి, ఒక దశలో ఊళ్లోవాళ్లు రాళ్లు తవ్వుకునే క్వారీ అయిపోయింది. ఇప్పుడు చూసేదానిలో చాలా భాగం 1960ల చివర్లో మొదలైన మరమ్మతుల ఫలితం. పాత రాయి ఏది, కొత్త రాయి ఏది అని వెతకడం పిల్లలకి మంచి ఆట.

బెనాక్‌లో నదివైపు కాదు, వెనక మైదానం వైపు చూడండి. నదివైపు కొండచరియే కాపలా. అందుకని అగడ్తలు, రెండు వరసల గోడలు అన్నీ వెనకవైపే కట్టారు. ఊళ్లోంచి కోటకి ఎక్కే రాళ్ల దారి అందమైనదే గానీ చాలా నిటారుగా ఉంటుంది. నాన్నకి మోకాళ్ల నొప్పులు, అందుకని మేం చుట్టూ తిరిగి పైకి వెళ్లే రోడ్డులో కోట పక్కన పార్కింగ్‌కే వెళ్తాం. పెద్దవాళ్లు ఉంటే మీరూ అలాగే చేయండి, దిగేటప్పుడు ఓపికున్నవాళ్లు ఊళ్లోంచి నడిచి రావచ్చు.

కిటికీలు గమనించండి. పాత కోటల్లో బయటికి సన్నని చీలికలే ఉంటాయి, లోపలివైపు వెడల్పు. బాణం వేసేవాడికి చోటుండాలి, బయటివాడికి గురి దొరక్కూడదు. అక్కణ్ణుంచి మిలాంద్‌కి వెళ్తే పెద్ద పెద్ద కిటికీలు కనిపిస్తాయి. అది 1489లో, యుద్ధం ముగిసిన తరవాతి తరంలో కట్టిన ఇల్లు. భయం తగ్గాక గోడలు ఎలా తెరుచుకున్నాయో ఒక్క మధ్యాహ్నంలో చూడొచ్చు. అమెరికాలో పుట్టిన గాయని, నర్తకి జోసెఫిన్ బేకర్ ఈ మిలాంద్‌ని కొని, వేర్వేరు దేశాల నుంచి దత్తత తీసుకున్న పన్నెండు మంది పిల్లలతో ఇక్కడే ఉంది. అప్పుల వల్ల 1969లో ఇల్లు వదలాల్సి వచ్చింది. ఆ ఇంటిని చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. 2021లో ఆమెకు పారిస్‌లో, దేశం గర్వించే మహనీయుల సమాధులుండే పాంథియాన్‌లో స్థానం ఇచ్చారు.

డోమ్ కోట కాదు, కోటగోడల ఊరు. 1281లో రాజు మూడో ఫిలిప్ కొండ మీద పునాది వేయించాడు. చరియవైపు గోడ అక్కర్లేదనుకున్నారు. 1588లో, కాథలిక్, ప్రొటెస్టెంట్ క్రైస్తవుల మధ్య మత యుద్ధాల కాలంలో, జఫ్రోయ్ ద వివాన్ అనే ప్రొటెస్టెంట్ సేనాని తన మనుషుల్ని రాత్రిపూట సరిగ్గా ఆ చరియ ఎక్కించి, లోపల్నుంచి తలుపులు తెరిపించాడు. అతను పుట్టింది కాస్తెల్నో కోటలో. ఊరి చివర లోయ కనిపించే తిన్నె మీద నిలబడి కిందికి చూస్తే అతని ధైర్యం ఎంతటిదో తెలుస్తుంది. తూర్పు ద్వారం బురుజుల్లో టెంప్లర్లు అనే క్రైస్తవ సన్యాసి యోధుల్ని 1307 నుంచి బంధించారు. గోడల మీద వాళ్లవని చెప్పే చెక్కడాలున్నాయి. లోపలికి వెళ్లాలంటే ముందు టూరిజం ఆఫీసులో అడగండి.

లా రోక్ గజాక్ కొండకి ఆనుకుని నది అంచున ఉండే ఊరు. దక్షిణం ముఖం కాబట్టి అంత చల్లటి దేశంలోనూ తాటి జాతి చెట్లు, అరటి పెరుగుతాయి. 1957లో కొండ విరిగిపడి ముగ్గురు చనిపోయారు. ఇక్కణ్ణుంచి గబార్ అనే బల్లకట్టు పడవలో ఓ గంట తిప్పుతారు. ఒకప్పుడు ఇలాంటి పడవల్లోనే ద్రాక్షసారా, కలప బోర్దో వైపు వెళ్లేవి. పెద్దవాళ్లకి అది చాలు. ఈత వచ్చినవాళ్లు మాత్రం కనూ అనే చిన్న తెడ్డు పడవ అద్దెకి తీసుకోండి. నది వాలుగా తెడ్డు వేసుకుంటూ వెళ్తే లా రోక్, కాస్తెల్నో, బెనాక్ వరసగా వస్తాయి. దిగిన చోటి నుంచి వ్యాన్‌లో వెనక్కి తీసుకొస్తారు.

బస సార్లాలో పెట్టుకోండి. 1962లో సంస్కృతి మంత్రి ఆంద్రే మాల్రో తెచ్చిన చట్టం పాత పేటల్ని కూల్చకుండా మొత్తంగా కాపాడింది. ఆ చట్టం కింద మొదట బాగుచేసిన ఊళ్లలో సార్లా ఒకటి. బుధ, శనివారాలు సంత. శనివారం తొమ్మిదిలోపు చేరకపోతే కారు పెట్టడానికి చోటుండదు.

పారిస్ నుంచి బోర్దోలో రైలు మారి సార్లా దాకా రావచ్చు గానీ కోటలకి కారు తప్పదు. ఇండియా లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ బయల్దేరక ముందే తీసుకోండి. ఆటోమేటిక్ కారు కావాలంటే చాలా ముందు బుక్ చేయాలి. బంకులో గజోల్ అంటే డీజిల్, పెట్రోలు కాదు. ఎర్ర అంచుతో ఊరి పేరున్న బోర్డు వస్తే వేరే ఏ గుర్తూ లేకపోయినా వేగం 50కి తగ్గించాలి. పల్లెల్లో సైన్‌బోర్డు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికే ముందు దారి. మనకి అలవాటు లేనిది ఇదే, రెండు రోజులు టెన్షన్‌గా ఉంటుంది.

శాకాహారులకి ఈ సీమ కష్టం. అంతా బాతు మాంసమే. సార్లా పేరుతో వచ్చే బంగాళాదుంప వేపుడు కూడా బాతు కొవ్వులోనే చేస్తారు, వడ్డించేవాళ్లు అది మాంసం కిందికి రాదనుకుంటారు. వేడి మేక చీజ్ సలాడ్‌లో లార్దోఁ, అంటే పంది మాంసం ముక్కలు, వేసే అలవాటుంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడే "సాఁ వ్యాంద్, సాఁ లార్దోఁ" అనండి, అంటే మాంసం లేకుండా, లార్దోఁ లేకుండా అని. అమ్మ కోసం మేం వంటగది ఉన్న అద్దె ఇల్లే తీసుకుంటాం. సంతలో అక్రోట్లు, రొట్టె, చిన్న గుండ్రటి కబేకూ చీజ్, మే, జూన్ నెలల్లో స్ట్రాబెర్రీలు కొంటే మధ్యాహ్నం భోజనం అయిపోతుంది. హోటళ్లలో భోజనం పన్నెండు నుంచి రెండు దాకే. రెండున్నరకి వెళ్తే పొయ్యి ఆర్పేసి ఉంటారు. ఏ కొట్లో అడుగుపెట్టినా ముందు "బోఁజూర్" అని పలకరింపు, తర్వాతే మాట.

పేరున్న ఊళ్ల మధ్య పేరు లేని పల్లెల్లోనూ ఆగండి. చర్చి తలుపు తోసి చూడండి, చాలావరకు తెరిచే ఉంటుంది. దగ్గర్లోనే 1914-1918 యుద్ధంలో చనిపోయినవాళ్ల పేర్లు చెక్కిన రాయి ఉంటుంది. నలభై ఇళ్లు లేని చోట కూడా ఇంటిపేరు ఒకటే రెండు మూడుసార్లు వస్తుంది. అన్నదమ్ములో, బాబాయి కొడుకులో అయి ఉంటారు. ఆ పేర్లు చదవకుండా నేను కారెక్కను.

జూన్, సెప్టెంబర్ నెలలు మంచివి. జూలై, ఆగస్టుల్లో జనం కిక్కిరిసి ఉంటారు, చలికాలంలో చిన్న కోటలు చాలా మూసేస్తారు. సెప్టెంబర్ మూడో వారాంతం వారసత్వ దినాలు. మామూలుగా తెరవని ప్రైవేటు కోటలు కొన్ని ఆ రెండు రోజులు తెరుస్తారు. కుదిరితే సెలవు ఆ తేదీలకే పెట్టుకోండి, బస మాత్రం వేసవి మొదట్లోనే ఖాయం చేసుకోవాలి.