పెట్రోలు జీపులో డీజిల్ ఇంజన్: ఎక్కించిన తరువాత వచ్చే సమస్యలు, వాటి పరిష్కారం

హరికేన్ పెట్రోలు ఇంజన్‌తో వచ్చిన మహీంద్రా సీజే-3బీ జీపులనూ, మారుతి జిప్సీలనూ ఇష్టంగా నిలబెట్టుకుంటున్నవారు విశాఖపట్నంలో ఉన్నారు. అరకు, పాడేరు దారుల్లో తిరిగేవారికి వాటిలో డీజిల్ ఇంజన్ ఎక్కించుకోవాలన్న కోరిక కలగడం సహజం. అయితే ఇంజన్ మార్చిన తరువాత బండి మొరాయిస్తే అందరి చూపూ ముందుగా డీజిల్‌ను ఒత్తిడితో పంపే పంపు మీదకూ, దాన్ని సిలిండర్‌లోకి చిమ్మే నాజిళ్ల మీదకూ పోతుంది. నా అభిప్రాయంలో అది తొందరపాటు. ఎక్కువ సందర్భాల్లో లోపం కొత్తగా వచ్చిన ఇంజన్‌లో కాక, పెట్రోలు ఇంజన్ కోసం అమర్చి అలాగే వదిలేసిన ట్యాంకు, పైపులు, రేడియేటర్, ఎర్త్ తీగ, క్రౌన్ పినియన్ (యాక్సిల్ లోపలి పళ్ల చక్రాల జత) వంటి భాగాల్లో ఉంటుంది. పంపు విప్పించే ముందు వీటిని వరుసగా చూసుకుంటే ఖర్చూ కాలమూ రెండూ మిగులుతాయి.

పని మొదలుపెట్టక ముందే తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ఆర్‌సీలో నమోదైన ఇంజన్ నంబరు, ఇంధన రకం మారుతున్నాయి కనుక 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వర్తిస్తుంది. రవాణా శాఖ అనుమతి చేతికి రాకుండా ఇంజన్ కొనవద్దు. మార్పు సంగతి బీమా కంపెనీకి కూడా తెలియజేయాలి.

బ్రేకు పెడల్ బిగుసుకుపోవడం

అన్నిటికంటే ముందు చూడవలసినది ఇదే. బ్రేకు బూస్టర్ (కాలి ఒత్తిడికి తోడ్పడే భాగం) ఉన్న పెట్రోలు బండిలో దానికి కావలసిన వ్యాక్యూమ్, అంటే గాలి లేమి, ఇంజన్‌లోకి గాలి పోయే ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి వస్తుంది. సాధారణ డీజిల్ ఇంజన్‌లో గాలిని అడ్డగించే థ్రాటిల్ పలక ఉండదు కాబట్టి అక్కడ చాలినంత వ్యాక్యూమ్ పుట్టదు. పాత గొట్టాన్ని కొత్త మానిఫోల్డ్‌కు తగిలించి వదిలేస్తే బూస్టర్ ఉన్నా లేనట్టే. ఇంజన్ ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి, చివరిసారి అదిమి పట్టుకొని స్టార్ట్ చేయాలి. పెడల్ కాలి కింద కొద్దిగా దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టు, కదలకపోతే వ్యాక్యూమ్ అందడం లేదన్నట్టు. ఆల్టర్నేటర్ వెనుక వ్యాక్యూమ్ పంపు ఉన్న డీజిల్ ఆల్టర్నేటర్‌ను అమర్చి, ఆ పంపుకు ఆయిల్ వచ్చే పైపునూ తిరిగి సంప్‌లోకి (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి) పోయే పైపునూ కలిపి, గొట్టంలో వన్‌వే వాల్వ్ సరైన దిశలో ఉందో లేదో చూసుకోవాలి. ఇది సరికాకుండా ఆ బండిని సింహాచలం కొండ దారి ఎక్కించవద్దు.

ఉదయం స్టార్ట్ కాకపోవడం, స్టార్ట్ అయినా కాసేపటికి ఆగిపోవడం

సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఒకరు సైలెన్సర్ దగ్గర నిలబడి పొగ గమనించాలి. ఎంతసేపు కొట్టినా పొగ అసలు రాకపోతే డీజిల్ సిలిండర్ దాకా చేరడం లేదు. తెల్లని పొగ వస్తూ ఇంజన్ అందుకోకపోతే డీజిల్ చేరుతోంది గానీ మండడానికి చాలినంత వేడి లేదు. ఈ రెండింటికీ వైద్యం వేరు.

పొగ రానప్పుడు మొదటి అనుమానం గాలి మీద పెట్టుకోవాలి. ఫిల్టర్ నుంచి పంపుకు వెళ్లే గొట్టం స్థానంలో తాత్కాలికంగా పారదర్శకమైన డీజిల్ గొట్టం తగిలించి చూస్తే సంగతి కంటికే తెలుస్తుంది. ఆవగింజంత బుడగలు ఒకదాని వెనుక ఒకటి వస్తూ, గొట్టం వంపు దగ్గర పోగై, ఒక్కసారిగా పెద్ద బుడగగా కదిలిపోతూ ఉంటే ఎక్కడో గాలి పీలుస్తోందని అర్థం. అప్పుడు ఒక డబ్బాలో శుభ్రమైన డీజిల్ పోసి, ఫిల్టర్ కంటే ఎత్తులో కట్టి, అక్కడి నుంచి నడిపి చూడాలి. బుడగలు ఆగిపోతే లోపం ట్యాంకుకూ ఫిల్టర్‌కూ మధ్యనే ఉంది. పాత పెట్రోలు గొట్టాలను, క్లిప్పులను, ఒకసారి నలిగిన రాగి వాషర్లను తీసివేసి కొత్తవి వేయడమే దీనికి సరైన మార్గం.

ట్యాంకు విషయంలో మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. కార్బురేటర్ బండ్లలో చాలావాటికి రిటర్న్ పైపు ఉండదు. డీజిల్‌లో పంపు నుంచి, నాజిళ్ల నుంచి మిగిలిన ఇంధనం తిరిగి ట్యాంకుకు పోవాలి కనుక ఆ పైపును ప్రత్యేకంగా వేయించాలి. రెండవది, లోపల జింకు పూత ఉన్న ట్యాంకు డీజిల్‌కు పనికిరాదు. డీజిల్ ఆ జింకుతో చర్య జరిపి సబ్బు వంటి జిగురు పదార్థాన్ని తయారుచేస్తుంది, అది ఫిల్టర్‌ను మూసేస్తుంది. మూడవది నీరు. మన సముద్రపు తేమలో సగం ఖాళీగా నిలబెట్టిన ట్యాంకు లోపలి గోడలకు నీరు పడుతుంది కాబట్టి నీటిని వేరుచేసే సెడిమెంటర్ తప్పనిసరి, దాని అడుగు మరను తరచుగా వదులు చేసి నీరు వంపాలి.

తెల్లపొగ వచ్చే సందర్భంలో, 2112 సీసీ ప్యూజో ఎక్స్‌డీపీ 4.90 వంటి ఇన్‌డైరెక్ట్ ఇంజన్ (డీజిల్‌ను ముందుగా చిన్న గదిలోకి చిమ్మేది) అయితే, స్టార్ట్ చేసేటప్పుడు ఆ గదిని వేడిచేసే హీటర్ ప్లగ్గులను పరీక్షించాలి. వాటిని కలిపే పట్టీ తీసి, బ్యాటరీ పాజిటివ్ నుంచి టెస్ట్ ల్యాంపు తీగను ఒక్కొక్క ప్లగ్గు తలకు ఆనించాలి. దీపం వెలగకపోతే ఆ ప్లగ్గు పోయినట్టే. విశాఖ వేడిలో ఒకటి రెండు ప్లగ్గులు పోయినా బండి స్టార్ట్ అయిపోతుంది, లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున మాత్రం లోపం బయటపడుతుంది. ప్లగ్గులన్నీ బాగుండి కూడా తెల్లపొగే వస్తుంటే అప్పుడు పంపు టైమింగ్ (డీజిల్ చిమ్మే వేళ), కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) చూడాలి.

సెల్ఫ్ నీరసంగా తిరగడం

డీజిల్ కంప్రెషన్ ఎక్కువ కనుక పెట్రోలు బండి బ్యాటరీ, తీగలు చాలవు. కానీ కొత్త బ్యాటరీ పెట్టినా నీరసం పోకపోతే ఎర్త్ చూడండి. ఇంజన్ రబ్బర్ల మీద కూర్చుంటుంది. ఇంజన్‌కూ ఛాసిస్‌కూ మధ్య మందపాటి ఎర్త్ తీగ వేయడం మరిచిపోతే సెల్ఫ్ కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. రెండు మూడు సార్లు సెల్ఫ్ కొట్టి ఆ కేబుల్ తొడుగును తాకితే వేడిగా ఉంటుంది. సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజన్ బ్లాకుకూ మధ్య మీటర్ 0.5 వోల్టు కంటే ఎక్కువ చూపితే ఎర్త్ బలహీనంగా ఉందని నిశ్చయించుకోవచ్చు. బీచ్ రోడ్డు వైపు నిలిపే బండ్లలో ఉప్పుగాలికి జాయింట్ల మీద పచ్చని చిలుము పడుతుంది. రంగు గీకి, లోహం మెరిసేలా చేసి, బిగించి, పైన గ్రీజు పూయాలి.

తాళం తీసినా ఇంజన్ ఆగకపోతే కంగారు పడనక్కరలేదు. డీజిల్‌కు స్పార్కు లేదు కాబట్టి పంపు మీద కరెంటుతో డీజిల్‌ను ఆపే స్టాప్ సోలినాయిడ్‌కు తాళం నుంచి తీగ ఇవ్వాలి, లేదా స్టాప్ కేబుల్ లాగాలి. ఆర్‌పీఎం మీటర్ (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) చచ్చిపోవడానికీ కారణం ఇదే. దానికి ఇగ్నిషన్ కాయిల్ బదులు ఆల్టర్నేటర్ డబ్ల్యూ టెర్మినల్ నుంచి సంకేతం తీసుకునే డీజిల్ మీటర్ వేయాలి.

ఘాట్ రోడ్డులో వేడెక్కడం

ఎక్కడ వేడెక్కుతోందన్నదే ఇక్కడ కీలకం. ఎన్‌ఏడీ కూడలి ట్రాఫిక్‌లో ముల్లు పైకి పోయి, హైవే ఎక్కగానే దిగితే రేడియేటర్ గుండా గాలి చాలడం లేదు. ఫ్యాన్‌కూ కోర్‌కూ (రేడియేటర్‌లో నీరు చల్లబడే గొట్టాల పలకకూ) మధ్య దూరం ఎక్కువై ఉంటుంది, లేదా ఫ్యాన్ చుట్టూ ఉండవలసిన కవరు లేదు, లేదా రెక్కలు తిరగేసి బిగించారు. ఇవన్నీ సులువుగా సరిచేయదగినవే. అలాకాక ఊళ్లో బాగుండి, శృంగవరపుకోట దాటి అనంతగిరి ఎక్కేటప్పుడు వేడెక్కితే కోర్ చిన్నదైనా అయి ఉండాలి, మూసుకుపోయైనా ఉండాలి. ఉప్పుగాలికి ఫిన్నులు (గొట్టాల మధ్య పలుచని రేకులు) తినుకుపోయి, వేలు తగిలితేనే పొడిగా రాలే కోర్‌ను ఎన్నిసార్లు కడిగించినా ప్రయోజనం ఉండదు, వెడల్పైన కోర్ వేయించవలసిందే. రేడియేటర్ పై ట్యాంకు సిలిండర్ హెడ్ కంటే కిందికి వచ్చిన బండ్లలో హెడ్‌లో గాలి నిలుస్తుంది. ఎత్తైన చోట విడిగా నీటి డబ్బా అమర్చితే ఆ గాలి బయటికి పోతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేయగానే బుడగలు ఆగకుండా వస్తుంటే మాత్రం అది హెడ్ గాస్కెట్ పని.

వణుకు, గేర్ల మొరాయింపు

బండి నిలిచి ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు వణికి, వేగం పెరిగితే తగ్గేది మౌంటింగ్ రబ్బర్ల లోపం. డీజిల్‌కు తగిన రబ్బర్లు వేసి, బోల్టులు వదులుగా ఉంచి, ఇంజన్‌ను కాసేపు నడిపి తనంతట తాను కుదురుకున్న తరువాత బిగించాలి. వేగంతోపాటు పెరిగేది, గేర్ బాక్స్ నుంచి యాక్సిల్‌కు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం వల్ల వస్తుంది. గేర్ బాక్స్ వెనుక చివర, పినియన్ ముందు చివర ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి.

క్లచ్ పూర్తిగా తొక్కినా గేరు గరగరలాడితే, టాప్ గేరు జారిపోతుంటే కొత్త ఇంజన్‌నూ పాత గేర్ బాక్స్‌నూ కలిపే అడాప్టర్ ప్లేటు మధ్యకు రాలేదేమో చూడాలి. ఫ్లైవీల్‌కు డయల్ గేజి (సన్నని తేడాలు చూపే కొలమానం) బిగించి, బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పే పెట్టె) రంధ్రం చుట్టూ తిప్పినప్పుడు ముల్లు మొత్తం కదలిక 0.25 మిల్లీమీటర్లు దాటకూడదు. గేర్ బాక్స్ విప్పించే ముందు ఈ కొలత అడిగి తీసుకోండి.

గతుకుల్లో ముందు నుంచి దెబ్బ వినిపించడం

బరువు పెరిగి ముందు కమాన్ కట్టలు కుంగితే సంప్ యాక్సిల్‌కు తగులుతుంది. సంప్ అడుగున రంగు పోయి మెరిసే గీత ఉంటే అదే రుజువు. గీత కనిపించకపోతే యాక్సిల్ మీద మట్టిముద్ద అంటించి గతుకుల దారిలో నడిపి చూడండి, ముద్ద ఎంత అణిగితే సందు అంత తక్కువ. కట్టకు ఒక పట్టీ చేర్చి, బంప్ స్టాపులు మార్చాలి.

గంటకు 70 కిలోమీటర్లు దాటితే ఇంజన్ అరవడం

సీజే-3బీ యాక్సిల్ నిష్పత్తి 5.38, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ 5.38 చుట్లు తిరగాలి. సుమారు 2.2 మీటర్ల చుట్టుకొలత గల టైర్లతో, టాప్ గేరులో, 3000 ఆర్‌పీఎం వద్ద బండి గంటకు దాదాపు 74 కిలోమీటర్లే పోతుంది. అదే వేగంలో తిరిగే ఇంజన్‌కు 4.88 అయితే 81, 4.27 అయితే 93 వరకు వస్తుంది. ఇంజన్ వేగం హద్దు దాటకుండా ఆపే పంపు గవర్నర్‌ను కదిలించి ఎక్కువ తిప్పించడం ఇంజన్‌కు ప్రమాదం. క్రౌన్ పినియన్ మార్చడమే న్యాయమైన మార్గం, అయితే ముందు వెనుక యాక్సిళ్లు రెండింటిలోనూ ఒకే నిష్పత్తి వేయాలి. వెనుకది మాత్రమే మార్చి గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ వేస్తే రెండు యాక్సిళ్లూ రెండు వేగాలు కోరుతాయి, ఆ ఒత్తిడికి రెండు యాక్సిళ్లకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు పళ్లు విరగవచ్చు.