అవినీతిపై విద్యార్థుల వైఖరిని తెలుసుకుని విలువల పాఠం చెప్పడం ఎలా?

నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలోనైనా, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయంలోనైనా తరగతికి వెళ్లి "లంచం తప్పా, ఒప్పా?" అని అడిగితే అందరూ తప్పేనంటారు. ఆ జవాబుతో మనకు తెలిసేది ఏమీ లేదు. ఆదాయ ధ్రువపత్రం గడువులోగా చేతికి రాక స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆగిపోయే రోజున అదే విద్యార్థి ఏం చేస్తాడన్నదే అసలు ప్రశ్న.

కాబట్టి ముందు ప్రశ్నపత్రం సిద్ధం చేసుకోవాలి. అందులో "అవినీతి" అన్న మాట వాడకపోవడమే మేలు. ఆ మాట వినగానే విద్యార్థికి మంత్రులు, కుంభకోణాలు గుర్తుకొస్తాయి తప్ప తాను గుర్తుకురాడు. దానికి బదులు స్నేహితుడి హాజరు పలకడం, డబ్బిచ్చి రికార్డు రాయించుకోవడం, చాయ్ పైసలంటూ గుమాస్తా చేతిలో వంద రూపాయలు పెట్టడం, తెలిసినవాళ్లతో పైరవీ చేయించుకోవడం వంటి సందర్భాలు రాసి, ఒక్కొక్కదాని కింద "ఇది తప్పని అనుకుంటున్నారా?", "మీరైతే చేస్తారా?" అని రెండు ప్రశ్నలు అడగాలి. ఈ రెండింటి జవాబుల మధ్య ఎక్కడ ఎక్కువ తేడా కనిపిస్తే ఆ సందర్భాన్నే చర్చకు తీసుకోవాలి.

పేరు రాయకపోయినా చేతిరాతను బట్టి గుర్తుపడతారన్న భయం విద్యార్థులకు ఉంటుంది, అది అకారణమూ కాదు. "మీరెప్పుడైనా లంచం ఇచ్చారా?" వంటి ప్రశ్నకు నాణెం పద్ధతి పనికొస్తుంది. దీనికి మూలమైన ఆలోచనను స్టాన్లీ వార్నర్ అనే గణాంక శాస్త్రవేత్త 1965లో ప్రతిపాదించాడు. ప్రతి విద్యార్థీ ఎవరికీ కనపడకుండా నాణెం ఎగరేస్తాడు. బొమ్మ పడితే నిజంతో నిమిత్తం లేకుండా "అవును" అని, బొరుసు పడితే ఉన్నదున్నట్టు రాస్తాడు. ఉదాహరణకు 100 మందిలో 70 మంది "అవును" అని రాశారనుకుంటే, వాటిలో సుమారు 50 నాణెం చెప్పించినవే. మిగిలిన 50 మందిలో 20 మంది, అంటే దాదాపు 40 శాతం, నిజంగా ఇచ్చారన్నమాట. ఎవరు ఇచ్చారో అడిగినవారికి కూడా తెలియదు. పాతిక మంది ఉన్న తరగతిలో మాత్రం ఈ లెక్కను నమ్మకూడదు.

చర్చ మొదలయ్యాక ఉపన్యాసం ఇవ్వాలన్న ఉబలాటాన్ని ఆపుకోవాలి. "ఇయ్యకపోతే పని కాదు సార్" అని ఎవరో ఒకరు అంటారు. అతన్ని మందలిస్తే మిగతావాళ్లు నోరు తెరవరు. ఇవ్వకుండా ఆ పని ఎలా జరుగుతుందో చూపించడమే జవాబు. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ ప్రకారం లంచం ఇవ్వడమూ నేరమేనని, ఒత్తిడి వల్ల ఇవ్వాల్సి వచ్చినవారు ఏడు రోజుల్లోగా అధికారులకు తెలియజేస్తే వారికి మినహాయింపు ఉందని చెప్పాలి. రాష్ట్ర అవినీతి నిరోధక శాఖ ఉచిత నంబరు 1064ను బోర్డు మీద రాయాలి.

తరువాతి మెట్టు తరగతి బయట ఉంటుంది, అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలి. ప్రతి విద్యార్థితో సమాచార హక్కు చట్టం కింద, ఆగిపోయిన తన పని గురించే ఒక దరఖాస్తు రాయించాలి. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం రావాలి, రాకపోతే మొదటి అప్పీలు ఎలా వేయాలో కూడా అప్పుడే నేర్పవచ్చు. 2006లో ఉపాధి హామీ పథకం మొదలైన తొలి 200 జిల్లాల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నాయి కాబట్టి, కూలీల హాజరు పట్టిక అయిన మస్టరు రోల్‌లోని పని దినాలను కూలీలనే అడిగి సరిచూసే సామాజిక తనిఖీ సంగతి చాలామంది ఇళ్లలో తెలిసే ఉంటుంది. గ్రామసభలో ఆ లెక్కలు ఎలా చదివారో అమ్మనో నాన్ననో అడిగి రాసుకు రమ్మంటే మరుసటి తరగతికి కావలసినంత చర్చ దొరుకుతుంది.

చివరగా అదే ప్రశ్నపత్రాన్ని మళ్లీ ఇవ్వాలి, అయితే పాఠం ముగిసిన మర్నాడు కాదు, కనీసం మూడు నెలలు ఆగి ఇవ్వాలి. జవాబులన్నీ ఒక్కసారిగా ఆదర్శంగా మారిపోతే మురిసిపోకుండా, ఎంతమంది దరఖాస్తు వేశారు, ఎందరికి సమాధానం వచ్చింది, రానివారిలో ఎందరు అప్పీలుకు వెళ్లారు అన్నది విడిగా లెక్క రాసుకోవాలి.